వికలాంగుల సీటు

“కుక్కకి బస్సులో సోటు నేదమ్మా. దిగు,” అన్నాడు కండక్టరు, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి.

సాలూరు నుంచి విజయనగరం పోయే ప్రైవేటు బస్సు అది. మెట్టు మీద శైలజ, ఆమె ముందు రాణి. శైలజకి చూపు లేదు. రాణి ఆమెకి దారి చూపించే కుక్క.

వికలాంగుల సీటులో కూర్చున్న ధర్మేంద్ర చంకకర్రను చప్పుడు కాకుండా కాళ్ల కిందికి లాక్కున్నాడు. కర్ర తగిలిన చప్పుడు వింటే శైలజ తనని గుర్తుపట్టేస్తుంది.

పదేళ్లుగా వికలాంగుల సంఘానికి అతనే అధ్యక్షుడు. లాఠీదెబ్బలు తిన్నాడు. బస్సుకి అడ్డంగా పడుకుని అరిచిన నినాదాన్ని ఫోనులో రింగుగా పెట్టుకుని మరీ తిరుగుతున్నాడు. నిన్నగాక మొన్న చేరిన శైలజ వెంట ఈ కుక్క వచ్చింది, అంతే. పేపర్లో ఫొటో ఆమెది. సెల్ఫీలు ఆమెతో. ఇవాళ విజయనగరంలో అధ్యక్షుడి ఎన్నిక, పోటీలో ఆమె పేరు. పదేళ్ల చంకకర్ర ఎవడి కంటికీ ఆనలేదు, తోకున్నది వస్తే మాత్రం ఆనింది.

వికలాంగుల హక్కుల చట్టం అతనికి కంఠోపాఠం. లేచి నాలుగు ముక్కలు విసిరితే కండక్టరు నోరు పడిపోతుంది. కానీ ఈ బస్సు తప్పితే ఆమె మీటింగుకి అందదు. అందకపోతేనే మేలనుకుని కూర్చున్నాడు.

ఇది పెంపుడు కుక్క కాదని, తనలాంటివాళ్ల కోసం చట్టం ఉందని శైలజ నిదానంగానే చెప్పింది. వెనక సీట్లవాళ్లు టైమైపోతోందని విసుక్కున్నారు. కుక్కని ఇంట్లో కట్టేసి రావచ్చు కదా అన్నాడొకాయన.

“కన్ను ఇంటికాడ కట్టీసి ఎవులైనా వస్తారేటి బాబూ?” అంది శైలజ.

“అంత రాసకార్యం ఏటమ్మా నీకు?” అన్నాడు కండక్టరు.

“మా దర్మేంద్రన్నకి పోటీగా నా పేరు ఎట్టీసినారు. తీయించీడానికి ఎల్తన్నాను. ఆయన నేకపోతే అది సంగమేనా?”

ధర్మేంద్ర చెయ్యి కర్ర మీదికి పోయింది. లేద్దామనుకున్నాడు. ఇంతసేపూ నోరు మూసుకుని, ఇప్పుడు ఏ మొహంతో లేస్తాడు? తల ఇంకా కిందికి దించుకున్నాడు.

“నా మాట వినవు గదా. సట్టం ఏటో ఆయన నోటెంటే విను,” అంటూ శైలజ ఫోను తీసి నొక్కింది.

వికలాంగుల సీటులోంచి, ధర్మేంద్ర జేబులోంచి, ధర్మేంద్ర గొంతే బస్సంతా అరిచింది:

“మమ్మల్ని ఎక్కించందే బస్సు కదలనివ్వం!”