పన్నెండు గజాలు

“నువ్వు పడ్డావా, వాడు పడేశాడా?” అడిగాడు టేపు మామ.

కంచం ముందు కూర్చున్న అల్లుడు తల ఎత్తలేదు. “కాళ్ళు తగులుకున్నాయి మామయ్యా.”

“నేను గీత పక్కనే ఉన్నా. వాడు నీకు బారెడు దూరంలో ఉన్నాడు. నువ్వు గాలికి పడ్డావు. పైగా దొర్లావు! దొర్లేటప్పుడు పట్టుకున్నది కుడికాలు, లేచాక కుంటింది ఎడమకాలు. కనీసం అబద్ధమైనా శ్రద్ధగా ఆడలేవా?”

నీళ్ళు పోస్తున్న కూతురు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

టేపు మామ ఫుట్‌బాల్ క్లబ్బులో మైదానం చూసుకునే మనిషి. గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా నడుముకి కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆయన ఖర్మకొద్దీ అల్లుడు అదే క్లబ్బులో ఫార్వర్డ్. పెళ్ళయిన దగ్గర్నుంచీ భోజనాల దగ్గర ఇదే రభస.

“మోసమంటే మ్యాచ్ అమ్ముకోవడం మామయ్యా. ఇది ఆటలో తెలివి. త్రో వేసేటప్పుడు రెండడుగులు ముందుకు జరగనివాడెవడు? ఫ్రీకిక్కుకి అడ్డంగా గోడలా నిలబడ్డవాళ్ళు జానెడు ముందుకు జరగరా? అందరూ చేసేదేగా!”

“అందరూ చేస్తే దొంగతనం దొరతనమైపోతుందా? జానెడు దొంగా దొంగే, బారెడు దొంగా దొంగే. కొలత తప్పితే అది ఆట కాదు, గారడీ. ఛీ!”

అల్లుడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

పెరట్లో కూతురు తండ్రిని పట్టుకుంది. “ఇంక దెప్పకు నాన్నా. ఆయన వరసగా మూడు పెనాల్టీలు పోగొట్టారు. మోకాలి దెబ్బ తర్వాత కిక్కులో ఊపు తగ్గింది. ఆదివారం ఇంకొకటి పోతే తీసేస్తానని కోచ్ చెప్పేశాడు. ఈ వయసులో ఇంకెవరు తీసుకుంటారు? ఆట తప్ప ఆయనకి ఇంకేం వచ్చు?”

“పడటం వచ్చుగా. సర్కస్‌లో చేరమను.”

కూతురికి ఈసారి నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. టేపు మామ చాలాసేపు పెరట్లోనే నిలబడ్డాడు.

ఆదివారం పొద్దుటినుంచీ తుంపర. ఆట ముందు రిఫరీ గీతలు చూడటానికి వచ్చి, సగం దూరం నడిచి వెనక్కి తిరిగాడు. “నీ గీతలకి మళ్ళీ కొలత వేస్తే నాకే అవమానం మామా,” అన్నాడు.

టేపు మామ గీత పక్కన గొడుగు కింద నిలబడి రెండు జట్లనీ సమానంగా తిట్టాడు. “అదిగో, ఆ గోల్‌కీపర్ బంతిని చంకలో పెట్టుకుని పొద్దుపుచ్చుతున్నాడు. అదిగో వాడు, త్రో వేయడానికి నడిచి నడిచి ఇంటికే పోయేలా ఉన్నాడు. ఒక్కడికీ సిగ్గు లేదు!”

విరామానికి స్కోరు సున్నా, సున్నా. టేపు మామ సామాన్లు పెట్టుకునే షెడ్డు వైపు గోలు ముందంతా బురద. పెనాల్టీ కిక్కు కొట్టే చుక్క ఎక్కడుందో ఆ బురదకే తెలియాలి. రెండో సగంలో సొంత జట్టు దాడి చేయాల్సింది ఆ గోలు మీదే. ఆటగాళ్ళంతా టీలకి పోతే టేపు మామ ఒక్కడే వానలో నడిచాడు. బురద లాగేసి, ఇసుక పోసి, మోకాళ్ళ మీద కూర్చుని సున్నంతో చుక్క పెట్టాడు. టేపు తీయలేదు.

“గోలు గీతకి పన్నెండు గజాలు. కళ్ళు మూసుకుని పెట్టేస్తాడు,” అన్నాడు రిఫరీ గర్వంగా.

“మైదానం మొత్తానికి నిఖార్సయిన మనిషి నువ్వే మామా!” అని గ్యాలరీలో ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. టేపు మామ ఎవరివైపూ చూడలేదు.

ఆట ఇంకో ఐదు నిమిషాలుందనగా అల్లుడు గోలు ముందు దబ్బున పడ్డాడు. రిఫరీ ఈల ఊదాడు. పెనాల్టీ!

“మళ్ళీ గాలికే,” అని టేపు మామ నేలమీద ఉమ్మేశాడు. గ్యాలరీలో కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అల్లుడు బంతిని చుక్క మీద పెట్టాడు. పరుగెత్తుకొచ్చి కొట్టాడు. కిక్కులో పాత ఊపు లేదు. గోల్‌కీపర్ సరిగ్గా అటే దూకాడు. బంతి అతని వేళ్ళకి తగిలింది. తగిలీ, కంబాన్ని రాసుకుంటూ లోపలికి పోయింది. బంతి రెప్పపాటు ఆలస్యంగా వచ్చి ఉంటే గోల్‌కీపర్ ఆపేసేవాడే.

“కిక్కుకి ముందే గీత దాటాడు ఆ గోల్‌కీపర్!” టేపు మామ అరుస్తూనే ఉన్నాడు. “గోలైతే మాత్రం? దొంగ వెధవ! ఎవడూ చూడడే!”

ఆట అయ్యాక అల్లుడు బురద కాళ్ళతోనే షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. వెనకే కూతురు.

“మామయ్యా! ఇంకో ఏడాది ఆడమన్నాడు కోచ్!”

“వాడు నిన్ను తాకలేదు.”

అల్లుడు నవ్వేశాడు. “తాకలేదు. ఇది కూడా మోసమేనా?”

“కాకపోతే పుణ్యకార్యమా? జానెడు దొంగా దొంగే అని ఎన్నిసార్లు చెప్పాలి? నా కళ్ళముందు నిలబడకు, పో!”

“ఈ మనిషి మారడు,” అంటూ అల్లుడు భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. కూతురు మాత్రం వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసి నవ్వింది.

గ్యాలరీలో ఆఖరి మనిషి వెళ్ళేదాకా ఆగి, టేపు మామ నడుముకున్న టేపు తీసి, షెడ్డు వైపు గోలు గీత నుంచి పన్నెండు గజాలు సరిగ్గా కొలిచి, విరామంలో తను పెట్టిన చుక్కని చెరిపేసి మూరెడు వెనక్కి పెట్టాడు.