రెండు గేట్ల మధ్య

ఆలుమగలిద్దరూ మోటార్‌సైకిల్ మీద బయలుదేరి నలభై రోజులైంది. రెండుసార్లు క్లచ్ వైరు తెగింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ మధ్యాహ్నం ఇసుకలో జారిపడి ఆమె కుడి మణికట్టు బెణికింది. సరిహద్దు చేరేసరికి చీకటి పడింది. వెనక దేశంవాళ్ళు పాస్‌పోర్టుల మీద బయటికి వెళ్ళినట్టు ముద్ర వేసి, గేటు మూసేశారు.

అవతలి గేటు దగ్గర అధికారి రిజిస్టరు చూసి, "మీరు సాయంత్రమే దాటారు కదండీ," అన్నాడు.

"లేదండీ, ఇప్పుడే వస్తున్నాం," అన్నాడు భర్త.

అధికారి పుస్తకం ఇటు తిప్పాడు. అందులో ఆమె సంతకం ఉంది. బెణికిన చేత్తో పెట్టినట్టే వంకరటింకరగా ఉంది.

"దాటినవాళ్ళని మళ్ళీ ఎలా పంపను?" అంటూ అతను కిటికీ మూసి, లైటు ఆర్పేశాడు.

గాలి తప్ప చప్పుడు లేదు. అవతలి ఊళ్ళో గది మాట్లాడుకున్న లాడ్జికి ఆమె ఫోన్ చేసి స్పీకరు పెట్టి, తమ పేర్ల మీద గది ఉంచారా అని అడిగింది.

"వాళ్ళు వచ్చేశారమ్మా. గదికి కలుపుతాను," అంది అక్కడి ఆవిడ.

"ఎవరండీ?" ఫోన్‌లో వినిపించిన ఆ నిద్రమత్తు గొంతు ఇక్కడ నిలబడ్డ ఆమె భర్తదే.

పక్కనున్న భర్త ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు. "మనమేనని చెప్పవే!"

ఆమె తన బెణికిన మణికట్టు వంక చూసుకుంది.

"ఎవరో పలకట్లేదు. నువ్వు పడుకోవే," అని అవతల అతను ఎవరికో చెప్పి, ఫోన్ పెట్టేశాడు.