సామాను యజమాని సంతకం

పెట్టె తూకం చీటీ జిరాక్స్ తీయించాలి. పాస్‌పోర్టులో, దిగిన రోజు ముద్ర ఉన్న పేజీ కూడా. మోండా మార్కెట్‌లో తాళాలు బాగుచేసే ముసలాయనతో, ఇది తాళంచెవితో తీసిన తాళం కాదు, పగలగొట్టింది అని రాయించాలి. తిరుమలగిరి పోయి మార్త దగ్గర పోయిన వస్తువుల జాబితా తీసుకోవాలి. ఒంటిగంటలోపు విమాన సంస్థ ఆఫీసులో ఉండాలి.

అన్నీ అయ్యాయి. తాళాలాయనకు రాయడం రాదు. రాజేందరే రాసి, ఆయన వేలిముద్ర వేయించుకొచ్చాడు.

కౌంటర్లో ఉన్న ఆశీష్ ఆ కాగితం చూసి నవ్వాడు. "ఏందన్నా ఇది? తాళానికి పోస్టుమార్టం చేయించినవా?"

"మీరే అడిగిన్రు సార్, తాళం పగిలిందని రుజువు కావాలని."

"నేనా?"

"పోయిన వారం ఈ కుర్చీల ఇంకొకాయన ఉండె."

ఆశీష్ కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు.

రాజేందర్ మస్కట్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపర్. ఇంటికి వచ్చి నెలన్నర అయింది. పెట్టె వచ్చింది అతని పేరు మీదే గానీ, లోపలి సామాను అతనితో ఒకే గదిలో ఉండే జీవరాజుది. ఇంటికి వచ్చేవాడు తోటివాళ్ల సామాను తేవడం అక్కడ మామూలే. ఈసారి నీది నేను తెస్తే, మరోసారి నాది నువ్వు తెస్తావు. పెట్టె బెల్టు మీదికి వచ్చేసరికి తాళం ఊడి వేలాడుతోంది. లోపల సగం ఖాళీ.

"సెంటు సీసాలు రెండు, చేతి గడియారం, పాలపొడి డబ్బాలు, పిల్ల గౌను, పాత ఫోన్..." ఆశీష్ జాబితా పైకి చదివి, ఫోన్ మీద అడ్డంగా గీత గీశాడు. "ఫోన్లు చెకిన్ సామాన్లో పెడితే మా బాధ్యత ఉండదన్నా. రూల్స్‌లో ఉంది. మిగతావాటికి కిలో లెక్కన వస్తది. తీసుకుంటే కేసు క్లోజ్."

"మిగతావి ఇయ్యకున్నా మంచిదే సార్. ఫోన్ వెతికించుండ్రి. కేసు మూస్తే ఇంకెవరు వెతుకుతరు?"

"పాతదే కదా? అద్దం పగిలిందని మీరే రాసిండ్రు."

"అండ్ల జీవరాజు బిడ్డకు చెప్పిన కథలున్నయి సార్. మూడేండ్ల పిల్ల. క్యాంపుల నెట్టు రాదు. రాత్రి డ్యూటీ దిగినంక రోజుకొకటి చెప్పి రికార్డు చేసి పెట్టిండు. ఆయన భార్య మార్త పొద్దుగాల లేస్తే ఆ నంబరుకు చేసి చూస్తది. స్విచాఫే."

"కథలే కదా! మళ్లీ చెప్పమనుండ్రి."

రాజేందర్ జిరాక్సుల అంచులు ఒక్కతీరుగా సర్దాడు. "జేబుల పెట్టుకోవాల్సింది. ఆయన సామాన్లన్నీ ఒక్క కాడ ఉండాలనుకున్న. నా తప్పే."

ఆశీష్ కంప్యూటర్ వైపు తిరిగాడు. "అదే విమానంలో మీ పేరు మీద కార్గోలో ఇంకో పెట్టె ఉందే! నూటముప్పై కిలోలు. అది సుత పోయిందా?"

"లేదు సార్. అందింది."

"సీలు?"

"ఎట్ల ఏసింది అట్లనే ఉండె."

"చూసిండ్రా! అంత పెద్దది భద్రంగా తెచ్చినోళ్లం. చిన్న ఫోన్ కోసం ఇంత పరేషాన్ ఎందుకన్నా?" అని, ఫారం ముందుకు తోశాడు. "సరే, వెతకాలంటే సామాను యజమాని సంతకం కావాలి. మస్కట్ నుంచి ఈమెయిల్ చేసినా నడుస్తది."

"మస్కట్‌ల లేడు సార్."

"వచ్చేసిండా? మరి ఎక్కడున్నడు?"

"తిరుమలగిరిలనే."

"ఓర్ని! ఆటో ఎక్కితే పావుగంట. నెలన్నర నుంచి మీరు తిరుగుతున్నరు, ఆయనేమో హాయిగా ఇంట్లో ఉన్నడా? మంచి దోస్తును పట్టినవన్నా."

వెనక వరుసలో ఎవరో టోకెన్ నంబరు పిలవమని గొణిగారు.

ఆశీష్ గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తా. ఆ పేరు కొట్టేయుండ్రి. సామానంతా నాదే అని రాసి మీరే సంతకం పెట్టుండ్రి. నేను ఇప్పుడే వెతకమని పంపుతా. ఆయనతో పనే లేదు."

పెన్ను చేతికిచ్చాడు. రాజేందర్ పట్టుకున్నాడు. ఫారం మీద యజమాని అన్నచోట జీవరాజు పేరు తన చేతిరాతలోనే ఉంది. కొంచెంసేపు చూసి పెన్ను కింద పెట్టాడు.

"ఆ పేరు నేను కొట్టెయ్య సార్."

"అయితే ఆయన్నే రమ్మనుండ్రి! నేనేం చేయను?"

"ఇది ఐదోసారి నేను వచ్చుడు. వచ్చినప్పుడల్లా ఈ కుర్చీల కొత్త సారే. మొదట్ల నోటితోని చెప్పిన. అయ్యో అని, ఇంకో కాగితం తెమ్మన్నరు. ఇగ చెప్పబుద్ధి అయితలేదు." ఫైలు వైపు వేలు చూపించాడు. "మొదటి దినం ఇచ్చిన దరఖాస్తు ఫైల్లనే ఉంటది. ఆఖరు దాకా ఎవరూ చదవలే. మీరన్న జెర చదువుండ్రి."

ఆశీష్ విసుగ్గానే ఫైలు తిరగేశాడు. అన్నిటికన్నా అడుగున ఒకే ఒక్క పేజీ. గుండ్రటి చేతిరాత. పైనుంచి గబగబా చదువుకుంటూ వచ్చి, చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు.

'అదే విమానంలో శవపేటికలో వచ్చిన జీవరాజును, ఇది చదివినవారు గుర్తుంచుకోవాలని మనవి.'