దోహా మీదుగా

“బోధన్‌కు పోవాల్సినోడు బాల్కొండ తిరిగి పోతడా నర్సన్నా?” ఫుర్ఖాన్ మౌస్‌ను బల్లకేసి కొట్టినంత పని చేశాడు.

నిజామాబాద్ బస్టాండు ఎదుట విమానం టికెట్ల దుకాణం పెట్టిన నాటి నుంచి ఇలాంటి బేరం అతనికి తగల్లేదు. లోకంలో ఎవడైనా దగ్గరి దారి అడుగుతాడు. ఈ బోధన్ చెరకు రైతు మాత్రం దూరపు దారే కావాలని పొద్దుటి నుంచి కుర్చీ వదలడం లేదు.

“ఇగో, మల్ల చెప్తున్న. ఆక్లండ్ మనకు తూర్పు దిక్కు ఉంటది. సింగపూర్‌కు నాలుగున్నర గంటలు, ఆడికెల్లి ఇంకో పది. అయిపాయె. నువ్వేమో దోహా అంటున్నవ్. అంటే ముందుగాల పడమటికి పోవాలె, మల్ల ఎనుకకు మర్లి పద్నాలుగు వేల కిలోమీటర్ల పైన, పదహారు గంటలు! అవసరమా?”

“గా పదహారు గంటలల్ల యాడన్న ఆగుతదా?”

“ఆగదు.”

“డీజిల్ పోసుకోనీకె?”

“ఆగదన్నా!”

“మంచిగున్నది. గదే కొట్టు.”

ఫుర్ఖాన్ తల పట్టుకున్నాడు. తెప్పించుకున్న చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది. టికెట్లు రెండు. ఒకటి నర్సన్నకు, ఒకటి ఆయన తమ్ముడు ముత్తన్నకు. ఆక్లండ్‌లో వాళ్ల మేనకోడలు సంజన పెళ్లి.

“సరే, సీట్లు. ఇద్దరికీ నడిచే దారి పక్కన ఇస్త. కాళ్లు చాపుకోవచ్చు.”

“వద్దు. తమ్ముడు కిటికీ కాడ. నేను ఆని పక్కన, నడిమిట్ల.”

“నడిమి సీటు పుణ్యానికిచ్చినా ఎవ్వడూ తీస్కోడు! నీకు దిమాగ్ గిట్ల ఖరాబైందా? ఎందుకన్నా గీ లొల్లి?”

నర్సన్న తల దించుకున్నాడు.

“కాలువ నీళ్ల కాడ కొట్లాడుకున్నం భాయ్. ఆరేండ్లాయె, ఆడు నాతోని మాట్లాడడు. మొన్న బోధన్ బస్సుల పోయి పక్కన కూసుంటే ఊరు రాకముందుకే ఎడపల్లిల దిగిపోయిండు. ఇమానంలకెల్లి యాడ దిగుతడు? పెండ్లినాడు పిల్లను గంపల కూసోవెట్టి మేనమామలం చెరో పక్క పట్టాలె. మాటల్లేనోళ్లం ఎట్ల మోస్తం?”

ఫుర్ఖాన్ కోపం సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంది, ఎందుకంటే ముత్తన్నను అడగకుండా ఆయన టికెట్టు కొట్టడానికి లేదు. అడిగితే ఒప్పుకోడు. పొద్దుటి నుంచి పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే. గొణుక్కుంటూ నంబరు కలిపి స్పీకర్ పెట్టాడు.

“ముత్తన్నా, సాఫ్ చెప్తున్న, ఎనుక నన్ను అనొద్దు. సింగపూర్ మీదికెల్లి జల్ది పోతరు, సీట్లు కూడ దూరం దూరం ఇస్త. దోహా మీదికెల్లి అయితే పదహారు గంటలు మీ అన్న పక్కన్నే కూసోవాలె. ఏది కొట్టాలె?”

అవతల ముత్తన్న మోటారు బంద్ చేసిన చప్పుడు వినిపించింది. నర్సన్న భుజం మీది తువ్వాలను నలుపుతూ ఫోన్ వంకే చూస్తున్నాడు. విసిగిపోయిన ఫుర్ఖాన్ సింగపూర్ టికెట్టు కొట్టడానికి మౌస్ అందుకున్నాడు.

“భాయ్,” అన్నాడు ముత్తన్న, “గంతకంటె దూరపు దారి లేదా?”