తెల్లవారుజామున పిలిచిన పేరు

గని గుంటలో గులాం మొహిద్దీన్ శవం బోర్లా తేలుతోంది.

మొదట చూసింది ఫరీద్. తెల్లవారుజాము నమాజు ముగించుకుని పనికి పోయినవాడు, పోయినంత వేగంగా వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మసీదు మెట్ల మీద కూర్చున్న జాన్ సాహెబ్ ఆ మాట విని లేవబోయాడు. మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో నమాజు చదివించేదీ, కొత్తగా కలిమా చదివి ఇస్లాంలో చేరినవాళ్ళకు పాఠం చెప్పేదీ ఆయనే.

గులాం ఆ నాపరాయి గనికి మేస్త్రీ. కబరస్తాన్ మీద పెత్తనం కూడా అతనిదే. శవాన్ని ఒడ్డుకు లాగి చూస్తే తల వెనక ఎముక చిట్లి ఉంది. చొక్కా మెడ దగ్గర చినిగి ఉంది. కాలు జారి పడ్డవాడికి చొక్కా చినగదు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క పోలీసులు గురజాల రోడ్డున జట్కాలో వచ్చారు. సబ్ ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరరావు దిగీ దిగగానే ఊరు ఊరంతా ఒకే పేరు చెప్పింది.

అబ్దుల్ మజీద్.

మూడు నెలల క్రితం దాకా అతను అంజయ్య. గనిలో రాయి కొట్టే కూలీ. భార్య రాములమ్మతో కలిసి కలిమా చదివాడు. జాన్ సాహెబ్ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, దేవుణ్ణి ఎట్లా పిలవాలో ఓపిగ్గా నేర్పాడు.

“సామీ అనమాక, నాయనా అనమాక. ఆయన ఎవరికీ తండ్రి కాడు, ఎవరికీ కొడుకు కాడు. అల్లా అను.”

“నువ్వు అనాల్నా, మీరు అనాల్నా సాయిబూ?”

“నువ్వనే అనాల. ఆయన ఒక్కడే గదా.”

“అదేంది, కరణం గారిని మీరంటాం. దేవుడు కరణం కన్నా అలుసా?” రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జాన్ సాహెబ్‌కూ నవ్వొచ్చింది. “కరణం కాడికి పోవాలంటే మధ్యలో తలారి ఉంటాడమ్మా. ఈయన కాడ ఎవరూ ఉండరు. అందుకని నువ్వంటాం.”

అల్లాకు పేర్లు చాలా ఉన్నాయనీ, అవసరాన్ని బట్టి పిలుచుకోవచ్చనీ చెప్పాడు. కూడు కావాలంటే యా రజ్జాక్. జబ్బు తగ్గాలంటే యా షాఫీ. తప్పు మన్నించమనాలంటే యా గఫ్ఫార్. మజీద్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాడు. రాములమ్మకు మాత్రం నోరు తిరగలేదు.

ఎనిమిది రోజుల క్రితం విషజ్వరంలో “అల్లా సామీ, అల్లా సామీ” అంటూనే ఆమె కన్ను మూసింది. శవం కబరస్తాన్ దాకా వచ్చాక గులాం అడ్డం నిలబడ్డాడు.

“దేవుణ్ణి పిలవటం కూడా రానిదానికి ఇక్కడ చోటేంది?”

జాన్ సాహెబ్ గడ్డం పట్టుకుని బతిమాలినా కదల్లేదు. చివరికి గని పక్క బీడులో గొయ్యి తవ్వారు. జనాజా నమాజు జాన్ సాహెబే చదివించాడు. మజీద్ ఆ రోజు నుంచి గులాంతో మాట్లాడలేదు.

పగ ఉన్నంత మాత్రాన సాక్ష్యం ఉన్నట్టు కాదు. ఆ సాక్ష్యం ఫరీద్ నోట్లోంచి ఊడిపడింది.

“పొద్దున నమాజుకు మేం ముగ్గురమే అయ్యా. సాయిబు గారు ఖురాన్ సూరా చదవతా మధ్యలో తప్పితే నేనే వెనక నుంచి అందించా. అయిపోయినాక ఆయన అల్లాను వేడుకునే దువా కూడా చెయ్యకుండా బయటికి పోయాడు. మజీద్ మాత్రం చేతులు చాపుకుని కూకున్నాడు. రోజూ యా రజ్జాక్ అనేవాడు, ఇయ్యాల యా గఫ్ఫార్ అంటా ఒకటే ఏడుపు. అప్పటికింకా శవాన్ని ఎవరూ చూళ్ళేదు.”

నాగేశ్వరరావు మెల్లగా జాన్ సాహెబ్ వైపు తిరిగాడు.

“సాయిబు గారూ, ఆ పేరు ఎప్పుడు పలుకుతారు?”

జాన్ సాహెబ్ మజీద్ వైపు చూశాడు. ఒక్క మాట మార్చి చెబితే మజీద్ మెడకు ఉరితాడు తప్పుతుంది. కానీ ఫరీద్ రెప్ప వెయ్యకుండా తన ముఖంలోకే చూస్తున్నాడు.

“తప్పు మన్నించమని అడిగేటప్పుడు,” అన్నాడు.

“లోకానికి తెలియకముందే మన్నించమని ఏడ్చాడన్నమాట. ఇంకేం కావాలి?”

మజీద్ తనంతట తనే చేతులు ముందుకు పెట్టాడు. బేడీలు పడ్డాయి.

“ఎందుకు తోశావురా?”

“నేను తొయ్యలేదయ్యా.”

“మరి ఏం తప్పు చేశావని ఏడ్చావు?”

“నా కోసం కాదయ్యా. ఇంకొకాయన కోసం అడిగా. నిన్న పొద్దుగూకే యాళ నా ఇంటిదాని గోరీ కాడ కూకునుంటే కనపడింది.”

“ఎవరా ఇంకొకాయన?”

మజీద్ తల దించుకున్నాడు. “చెప్పనయ్యా. ఉరేస్తే ఎయ్యండి.”

“నిన్నే వేస్తారు. ఇట్లాంటి కథలు చెబితే కోర్టు నమ్మదు. ఎక్కించండి.”

కానిస్టేబుళ్ళు చెరో రెక్క పట్టుకున్నారు. జట్కావాడు కళ్ళెం సర్దుకున్నాడు. మజీద్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. జనం పక్కకు తొలిగి దారి ఇచ్చారు.

జాన్ సాహెబ్ మెట్లు దిగి, గుర్రానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“రాములమ్మ పిలుపు అల్లా దాకా పోలేదని ఇకిలించాడయ్యా గులాం, తట్టుకోలేక వాణ్ణి గట్టు మీద నుంచి తోసింది నేనే.”