శనివారపు పొయ్యి

"అయ్యో అవ్వా, అలా ఊడవకూడదు!"

మేసియా పరుగెత్తుకొచ్చి చీపురు పట్టుకుంది.

కొత్త పనిమనిషి బ్రియోలాంజా తలెత్తి చూసింది. చెత్తంతా గుమ్మం దాటించి వీధిలోకి ఊడ్చేస్తోంది. అదీ నలుగురూ చూస్తుండగా.

"మరెలా ఊడవాలి తల్లీ?"

మేసియా చప్పున చీపురు వదిలేసింది.

ఆ ఇంట్లో చెత్తను గుమ్మం వైపు తోయరు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఇంటి నడుమకు ఊడ్చుకొస్తారు. ఒకప్పుడు గుమ్మానికి దేవుడి మాట రాసిన తోలుముక్క ఉండేదట. అది పోయింది గానీ మర్యాద పోలేదు.

ఆ సంగతి పైకి అంటే కొంప మునుగుతుంది. రాజుగారు పోర్చుగల్ యూదులందరి నెత్తినా బలవంతంగా జ్ఞానస్నానపు నీళ్ళు పోయించి అప్పటికే రెండు తరాలు. ఇక వాళ్ళంతా క్రైస్తవులే. కాదని తేలితే చెర, ఆపైన మంట. పదేళ్ళ పిల్లకు కూడా ఆ ఊళ్ళో అది తెలుసు.

"నీ ఇష్టం. ఎలాగోలా ఊడువు," అంది మేసియా.

శనివారం వచ్చింది. అది యూదుల విశ్రాంతి దినం. ఆ రోజు మేసియా ఇంట్లో ఎవరూ నిప్పు ముట్టరు. శుక్రవారం వండిన శనగలూ చేపలూ చల్లగానే, చప్పుడు లేకుండా తినేస్తారు.

అవ్వ మాత్రం పచ్చి అంజూరపు కొమ్మలు పొయ్యిలో కుక్కి, బుగ్గలు పొంగించి ఊదుతోంది.

"ఇవాళ వద్దన్నానుగా?" అంది అమ్మ.

"వంట వద్దన్నారు. పొయ్యి వద్దన్లేదుగా అమ్మగారూ."

"బయట ఎండ మాడ్చేస్తోంది!"

"ముసలి ఎముకలమ్మా. వాటికెప్పుడూ చలే."

పొగ తెల్లగా, తీరిగ్గా లేచి తవీరా ఊరి కప్పుల మీదుగా, ఉప్పుమళ్ళ మీదుగా సముద్రం వైపు సాగిపోయింది. కిటికీలో కూర్చున్న మేసియాకు తానే దాని మీద ఎక్కి ఎక్కడికో తేలిపోతున్నట్టు అనిపించింది. కూడని పొగ అంత అందంగా కనిపించినందుకు కాసేపటికి ఆ పిల్లకు సిగ్గేసింది.

పెరట్లో అమ్మ గుసగుసలాడింది. "ఆ ముసల్ది మనల్ని పరీక్షిస్తోందండీ. పొయ్యి ఆర్పేస్తామా, మొహం చిట్లిస్తామా అని."

"మాన్పించేద్దామా?" అన్నాడు నాన్న.

"మాన్పిస్తే తిన్నగా వెళ్ళి అధికారుల చెవిలో ఊదుతుంది."

నాన్న ఐరెస్ ఉప్పు వ్యాపారి. పొదుపుగా మాట్లాడే మనిషి. "అయితే మనమే పోదాం," అన్నాడు.

సముద్రానికి ఆవల మొరాకో. అక్కడి తెతువాన్ ఊళ్ళో యూదులు యూదులుగానే బతుకుతున్నారు. శుక్రవారం మధ్యాహ్నానికి ఉప్పు పడవ మాట్లాడారు. శనివారం గడిచేదాకా ఎవరికీ అనుమానం రాకపోతే గట్టెక్కినట్టే. వస్తే, వెనక తెడ్ల పడవలు తరుముకొస్తాయి.

ఆ శుక్రవారం అవ్వను దూరంగా పిండిమరకు పంపించారు. ఎంత దూరం పంపితే ఏం, ముందే తిరిగొచ్చేసింది.

పెరటి గుమ్మంలో మేసియా నిలబడి ఉంది. లోపల అమ్మ ఆఖరి మూట కడుతోంది.

"ఎక్కడికి తల్లీ?"

"పెళ్ళికి. మా అత్తయ్య పెళ్ళి."

ఆ పిల్ల ఒంటిమీద ఒకదానిపై ఒకటి తొడిగిన గౌన్ల వంక అవ్వ చూసింది.

"పెళ్ళివారితో నాకూ చోటుంటుందా?"

చోటుంది. ఆ సంగతి మేసియాకు తెలుసు. కానీ అవ్వంటే భయం.

"లేదు," అంది.

"సరేలే. నాకూ ఇక్కడ పనుంది."

అవ్వ ఆ పిల్ల తల మీద అరచెయ్యి ఉంచింది. పెదవులు కదిలాయి గానీ మాట వినపడలేదు. మేసియా తల విదిలించుకుని లోపలికి పారిపోయింది.

శనివారమంతా సముద్రం నిద్రపోతున్నట్టే ఉంది. గాలి ఉందో లేదో తెలియదు. నాన్న వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. మేసియా కళ్ళు మూస్తే కలలో పడవ నడుస్తోంది, తెరిస్తే ఎదురుగా అదే నీలం. వెనక ఎవరూ రాలేదు.

మరుసటి వసంతంలో తవీరా నుంచి ఫెలిపా అనే ఆవిడ తెతువాన్‌కు తప్పించుకొచ్చింది. వీళ్ళను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఐరెస్ గారూ, మీరు గట్టివాళ్ళండీ! మీరు వెళ్ళిన సాయంత్రమే అధికారులకు ఉప్పందింది. మర్నాడు శనివారం పొద్దున్నే కోటగోడెక్కి మీ ఇంటి కేసి చూశారు. శనివారం ఎవరి పొగగొట్టం చల్లగా ఉందో చూసే కదా మనవాళ్ళను పట్టుకునేది! మీ ఇంటి మీద చూస్తే పొగే పొగ. ఎవరో గిట్టనివాళ్ళు చెప్పిన మాటలే అనుకుని దిగిపోయారు. ఆదివారం మీరు చర్చిలో కనపడకపోయేసరికి తలుపు పగలగొట్టారు."

"లోపల?" అంది అమ్మ.

"బ్రియోలాంజా ఒక్కత్తే. పట్టుకుపోయారు. చలికాలంలో చెరలోనే పోయింది."



"ఆవిడ తరతరాల క్రైస్తవురాలు కదా," అన్నాడు నాన్న తడబడుతూ. "మమ్మల్ని పట్టించడానికే వచ్చిందనుకున్నాం."

"ఎవరూ, బ్రియోలాంజానా? మేం ఎవోరా ఊళ్ళో ఉన్నప్పుడు మాకు పక్కిల్లే!"

మేసియా ఏడుస్తోంది. "మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు వెలిగించనిచ్చేవారా?"

ఫెలిపా పిల్లను దగ్గరకు తీసుకుంది.

"ఆవిడ మన మతగురువు రబ్బీ గారి కూతురమ్మా, శనివారం నిప్పు ముట్టనందుకే కన్నబిడ్డలిద్దరినీ ఆ మంటలకు పోగొట్టుకుని, ఆనాటి నుంచీ మనవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ శనివారం నిలబెట్టడానికి తన శనివారాన్ని చెరుపుకుంటూ వచ్చింది."