నీ మర్జీ

"పచ్చిపులుసా, పప్పుచారా?" రామవ్వ మళ్లీ అడిగింది.

"నీ మర్జీ బిడ్డా," అంది అత్త దుర్గవ్వ, బియ్యం చెరుగుతూ.

"పొద్దుగాల సంది అన్నిటికీ గదే మాట. నిన్న పప్పుచారు చేస్తే నీకు పచ్చిపులుసు యాదికొచ్చె."

"యాదికొస్తే అన్న. తినకుంట లేవలే గద?"

రామవ్వ పొయ్యిలోకి కట్టెను విసురుగా తోసింది. 'నీ ఇష్టం' అనే ఆ మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థాలు ఆమెకు తెలుసు. విసుగ్గా అంటే వద్దని. మెత్తగా అంటే, రేపు చెడితే తప్పు నీదేనని. రజాకార్ల గడబిడ అణిగి, ఇంట్లో పెండ్లి మాట మొదలైన నాటి నుంచి అందరూ మెత్తగానే అంటున్నారు.

"ఖానాపూర్ పిల్లనో, చెన్నూరు పిల్లనో జర తేల్చు," అంది దుర్గవ్వ. "పొయ్యికాడ నీతోని ఉండేది గద."

రామవ్వ బెంగ కూడా అదే. వచ్చే పిల్ల గయ్యాళిదైతే ఈ ఇంట్లో తన చోటు ఏం కాను?

రెండూళ్లూ తిరిగొచ్చిన మరిది పర్శరాములు గడపలో కూర్చుని చెప్పుల మన్ను గీకుతున్నాడు.

"నువ్వన్న చెప్పు. ఇద్దరినీ చూసినవు గద."

"నన్నడుగకు వదినా." అతను తల ఎత్తలేదు. "రెండుదిక్కులా ఒకటే మాట. పెద్ద కోడలు వచ్చి బొట్టు పెడితేనే పిల్లనిస్తరట."

"పెట్టకుంటే?"

దుర్గవ్వ చేతిలో చాట ఆగింది. "పెట్టకు. నీ మర్జీ."

ఈసారి మెత్తగా లేదు.

మధ్యాహ్నం అన్నదమ్ములు అన్నానికి కూర్చున్నారు. రామవ్వ పచ్చిపులుసూ చేయలేదు, పప్పుచారూ చేయలేదు. వంకాయ వండింది, ఉప్పు ఎక్కువైంది. ఒక్కరూ వంక పెట్టలేదు. ఆమెకు ఒళ్లు మరింత మండింది.

"చెన్నూరు పిల్లనే," అంది గరిటె పెట్టేసి. "తల్లి లేని పిల్లట. నన్ను అక్కా అని పిలుస్తనన్నదట. ఐతారం నేనే పోయి బొట్టు పెడుత."

దుర్గవ్వ తేలికగా ఊపిరి వదిలింది. పర్శరాములు ఇంకో ముద్ద అన్నం అడిగి వేయించుకున్నాడు.

రామవ్వ తన భర్త లింగమూర్తి వైపు తిరిగింది. "మీరేమంటరు?"

"నీ మర్జీ," అన్నాడతను, కంచంలోకి చూస్తూ.

పెండ్లికొడుకు అతనే.